అసిరయ్య మనసెలా ఉంది?

కోరాపుట్,
ఆగస్టు 4

అసిరయ్య తాతగారికి సుజన నమస్కారాలు.

కిందటి నెల రాయగడలో మీరు మా దగ్గరకొచ్చి, అరవై దాటినవాళ్ల మనసు గురించి మేం చేస్తున్న పరిశోధనకు ఓపిగ్గా జవాబులిచ్చారు. నలభై ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఖాళీగా ఉంది: "వచ్చే ఏడాది ఈ వేళకు మీ జీవితం ఎలా ఉంటుందనుకుంటున్నారు?" రెండు ముక్కలు రాసి పంపండి, చాలు. ఫోను వద్దు, ఉత్తరమే రాయమన్నారు గనక ఇలా రాస్తున్నాను.

మీ సుజన

తా.క.: "సంతోషంగా ఉన్నారా?" అన్నచోట మీరు "ఎవరడుగుతన్నారు?" అని రాశారు. నేనే అడుగుతున్నాను.

రాయగడ,
ఆగస్టు 8

అమ్మి సుజనకి, మునిసిపాలిటీ మంచినీళ్ల పంపు దగ్గర ముప్పై ఏళ్లు పనిసేసి దిగిపోయిన అసిరయ్య దీవించి రాయడం.

వచ్చే ఏడాది సంగతి ఏటి రాస్తాను? అప్పటికి నాను ఈ ఇంట్లో ఉండను. నా మంచం, సైకిలు, ఉన్ని కోటు అడిగినోల్లకి ఇచ్చీసేను. ఈ నెల ఇరవయ్యొకటి, శుక్రవారంతో అంతా తేలిపోతాది. మా బాపికి మాత్రం సెప్పకు. కొడుకే గానీ, తెలిస్తే అడ్డం పడతాడు. ఫోను ఆడి సేతిలోనే ఉంటాది, అందుకే వొద్దన్నాను. నీ ఉత్తరాలు పోస్టాఫీసుకెళ్లి నానే తెచ్చుకుంటన్నాను.

ఇట్లు
అసిరయ్య

తా.క.: ఆ నలభై ప్రశ్నల్లో సావంటే బయమా అని అడిగేవు. లేదమ్మి. ఈ వారం దానికి తీరిక లేదు.

కోరాపుట్,
ఆగస్టు 12

తాతగారూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తెచ్చుకోకుండా చెప్పండి, ఇంట్లో ఏమైనా జరిగిందా? ఎవరైనా మాట అన్నారా? మీ ఆవిడ పోయి ఆరేళ్లయిందన్నారు. ఇంత పెద్ద నిర్ణయం ఒక్కరే తీసుకోకండి. ఒంటరిగా ఉండకండి. మనసులో ఏముందో నాకు రాయండి, ఎంతైనా చదువుతాను.

మీ మనవరాలిలాంటి
సుజన

తా.క.: లోపల ఎనిమిది స్టాంపులు పెట్టాను. అన్నీ మీరే వాడాలి. శుక్రవారం తర్వాత కూడా.

రాయగడ,
ఆగస్టు 17

అమ్మి సుజనకి,

ఒంటరిగా ఎక్కడున్నాను? ఇద్దరం కలిసే ఎల్తన్నాం. ఆవిడది నాకంటే గట్టి గుండె. "ఎన్నాళ్లిలాగ, పదండి" అని ముందన్నది ఆవిడే. కల్యాణసింగ్‌పూర్ అవతల, కొండకింద సోటు కూడా సూసుకున్నాం. మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు మనసు తేలికైపోనాది. బాపికి ఒక కాగితం రాసి తలగడ కింద పెడతాను. నువ్వు బెంగెట్టుకోకు. లోకంలో మేమే మొదటోల్లం కాదు.

ఇట్లు
అసిరయ్య

తా.క.: స్టాంపులకి సంతోషం. ఒకటి దీనికి అంటించేను. మిగతావి మనవరాలు లక్ష్మిప్రియకి ఇచ్చీసేను.

కోరాపుట్,
ఆగస్టు 21, శుక్రవారం

తాతగారూ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది మీకు సమయానికి అందదని తెలుసు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. మీరు వద్దన్న పని చేశాను. బాపి గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అప్పటికే ఆయన చేతిలో మీ కాగితం ఉంది. "నన్ను ఎతక్కు, నాను సుఖంగానే ఉంటాను" అని ఒక్కటే ముక్క ఉందట. "నిన్ననే నాన్నని కసిరేనండి" అన్నారు. జీపులో బయల్దేరారు. నాకు ఇక్కణ్ణుంచి మధ్యాహ్నం దాకా బస్సు లేదు.

సుజన

తా.క.: నన్ను తిట్టాలనుంటే తిట్టండి. దానికి మీరుండాలి.

కల్యాణసింగ్‌పూర్,
ఆగస్టు 25

అమ్మి సుజనకి, అసిరయ్యా గురువమ్మా కలిసి దీవించి రాయడం.

బాపి నీకు ఫోన్లో "దొరికేడు" అని ఒక్క ముక్క సెప్పి పెట్టీసేడట. మిగతాది నాను సెప్తాను. మేం గుడి ముందర దండలు పట్టుకుని నిల్చున్నాం. జీపు ఆగింది. ఆడు సెప్పుల్లేకుండా పరిగెట్టుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. "నాన్నా, సచ్చిపోకు" అని ఏడిసేడు.

"సావడమేటిరా, పెళ్లి" అన్నాను.

కిందటి నెల మాటవరసకి మళ్లీ తోడు సూసుకుంటానంటే, నలుగురూ నవ్వుతారని వారం రోజులు నాతో మాటాడలేదు ఆడు. మొన్న ఒక్క మాట అనలేదు. సచ్చిపోతన్నాడనుకున్న నాన్న పెళ్లి సేసుకుంటానంటే ఏ కొడుకు కాదంటాడమ్మి? దండ ఆడే ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరూ ఇంటికొచ్చీయండంటన్నాడు. ఇక్కడ కొండకింద వంగతోట కాపు అయ్యేక ఆలోసిస్తానంది గురువమ్మ.

ఈవిడెవరని అడుగుతావు. నీ ప్రశ్నలకి జవాబు సెప్పడానికే ఆవిడా వచ్చింది. నువ్వు పిలిసేవరకూ బయట బల్లమీద రెండు గంటలు పక్కపక్కన కూకున్నాం.

ఇట్లు
అసిరయ్య, గురువమ్మ

తా.క.: మళ్లీ ఎక్కడైనా ముసిలోల్లని రమ్మంటే, అమ్మి, బేగి లోపలికి పిలవకు.