ఎర్ర అక్షరాలు నల్లగా చెయ్యను

అక్కా,

బుజ్జిదాన్ని బడికి పంపేటప్పుడు కాచిన నీళ్లు రెండు సీసాల్లో పోసివ్వు. గట్టు మీద పెద్దగిన్నెలో చల్లారుతున్నాయి. బళ్లో కుళాయి నీళ్లు తాగొద్దని గట్టిగా చెప్పు. రెండో సీసా దాని పక్కన కూర్చునే పిల్లకి.

రాత్రి నీకు సగమే చెప్పాను. మా ల్యాబ్‌లో నీటి పరీక్షల ఎక్సెల్ షీట్‌కి నేనే ఒక రూల్ పెట్టాను. గడిలో "తాగరాదు" అని పడితే ఆ అక్షరాలు వాటంతటవే ఎర్రగా మారతాయి. నిన్న అలా ఎర్రబడింది బుజ్జిదాని బడి ట్యాంకు.

మా ఆఫీసరు చూసి, "రేపు తనిఖీ వాళ్లొస్తున్నారమ్మా. ఆ రూల్ తీసేసి అన్నీ నల్లగా చేసెయ్, ఎవరి కంటా పడదు" అన్నాడు.

"రంగు మారిస్తే నీళ్లు బాగుపడతాయా సార్?" అన్నాను.

పొద్దున్నకల్లా మార్చకపోతే మళ్లీ ఆఫీసుకు రావద్దన్నాడు. నువ్వేమో, "రంగేగా, మార్చెయ్యవే, నీ సొమ్మేం పోయింది?" అన్నావు. ఏ బడో నీకు తెలీదు కాబట్టి కోపం లేదు. కానీ మనసు చివుక్కుమంది. అది ఎవరి పిల్లల బడైనా నేను మార్చేదాన్ని కాదు.

ఇప్పుడు ఆఫీసుకే వెళ్తున్నాను. గెంటేస్తే గెంటనీ, నా అంతట నేను మాత్రం మానను.

తలుపు దగ్గరకి వెళ్లి మళ్లీ వచ్చి రాస్తున్నాను. ఆ షీటు ఎర్రగా ఉన్నది ఉన్నట్టే బడి పెద్ద మేడమ్‌కి పంపేశాను. మా ఆఫీసరు ఎదుట నిలబడ్డాక నాకు భయం వేస్తుందని తెలుసు. అందుకే ముందే పంపాను.