నలభై మూడు ఆయాసం చీటీలు

రాజమండ్రి,
12 నవంబరు 1998

ప్రియమైన శ్రీదుర్గా,

హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టె మీద కూర్చుని మూడేళ్లు చదువుకున్న హక్కుతో నీ బడి మేడ అడుగుతున్నాను. మేడ మొత్తం అక్కర్లేదు, ఒక స్టూలు పట్టేంత చోటు చాలు. దాని మీద వేజలైన్ పూసిన గాజుపలక ఒకటి పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదింటికి దాన్ని తీసి పెట్టెలో భద్రపరచి, కొత్తది పెట్టాలి. గాలిలో ఎగిరే పుప్పొడి, బూజు, దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటాయి. నెలకోసారి పెట్టె పంపితే మైక్రోస్కోపు కింద లెక్కపెడతాను.

తొమ్మిదేళ్లుగా నా పని ఇదే. పగలు ఆసుపత్రిలో ఆయాసం రోగుల ఛాతీ వింటాను, సాయంత్రం వాళ్లు పీల్చిన గాలి లెక్క కడతాను. తోటి డాక్టర్లు నా వెనక 'గాలి డాక్టరు' అంటారట. ఎదుట 'మేడమ్' అంటున్నారు గనుక ఫిర్యాదు చేయలేదు.

మీ జంగారెడ్డిగూడెం చుట్టూ వేసిన పామాయిల్ తోటలు పూతకొచ్చాయి. మీ వైపు నుంచి నా దగ్గరకు వచ్చే ఆయాసం రోగులూ పెరిగారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా అనుమానం. రుజువైతే ఆ పుప్పొడితో, అది ఎవరికి పడదో తేల్చే చర్మపరీక్ష తయారుచేయవచ్చు. నలభై ఆరేళ్లకు నా పేరు మీద నిలబడే మొదటి పని అదవుతుంది. నీ మేడతో పాటు ఇంకో మూడు చోట్ల పలకలు పెడుతున్నాను. గాజుపలకతో పాటు, ఆయాసం వల్ల ఏ రోజు ఎంతమంది ఆడపిల్లలు బడికి రాలేదో ఆ లెక్క కూడా పంపగలవా?

నీ జవాబు కోసం పోస్ట్‌మ్యాన్‌ను రోజూ నిలదీస్తున్న
రూతు


జంగారెడ్డిగూడెం,
29 నవంబరు 1998

ప్రియమైన డాక్టరమ్మకు,

విషయం: బాలికోన్నత పాఠశాల మేడపై గాజుపలక నెలకొల్పుట గురించి.
సూచిక: తమరి 12వ తేదీ లేఖ, మరియు ట్రంకుపెట్టె.

పై విషయమై ప్రధానోపాధ్యాయురాలు అనగా నేను ఉపాధ్యాయుల సమావేశం ఏర్పాటు చేయడమైనది. గాజుపలక విద్యాబోధనకు ఆటంకమా అన్న అంశంపై నలభై నిమిషాలు చర్చ జరిగినది. లెక్కల మాస్టారు అబ్బులు గారు, పలక పగిలితే బాధ్యత ఎవరిదో ముందుగా తేల్చాలన్నారు. నాదే అన్నాను. అందరూ సంతృప్తి చెందారు.

పలక మార్చే బాధ్యత అటెండరు వెంకన్నకు రాతపూర్వకంగా అప్పగించడమైనది. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుని, "గాలి పట్టడానికి గాజుముక్కేంటండీ, సంచీ కట్టాలి గానీ" అన్నాడు. గాలి కాదయ్యా, గాలిలో ఉన్నది పట్టాలన్నాను. "అయితే మన మేడ మీద కాదండి, స్టాఫ్ రూములో పెట్టండి, బోలెడు దొరుకుద్ది" అన్నాడు. మనిషి నమ్మకస్తుడు. ఎనిమిదంటే ఎనిమిదింటికి ఎక్కుతాడు.

ఆయాసం లెక్క పంపగలను. మా దగ్గర ప్రతి గైర్హాజరుకూ తల్లిదండ్రుల సంతకంతో సెలవుచీటీ ఉంటుంది, కారణం అందులోనే ఉంటుంది. నేను చీటీ లేనిదే ఎవరినీ క్లాసులోకి రానివ్వను. ఆ విషయంలో నాకు చెడ్డపేరుంది.

విధేయతతోను, వెనకటి చనువుతోను,
శ్రీదుర్గ


రాజమండ్రి,
21 ఫిబ్రవరి 1999

ప్రియమైన దుర్గా,

నువ్వు పంపిన మూడు పెట్టెలూ చూశాను. నీ వెంకన్నకు జీతం పెంచాలి. ఒక్క పలక మీద కూడా వేలిముద్ర లేదు.

జనవరి రెండో వారం నుంచి పామాయిల్ పుప్పొడి పెరిగింది. అదే వారం నుంచి నీ బడిలో ఆయాసం చీటీలు పెరిగాయి. డిసెంబరులో నలుగురు, ఫిబ్రవరి సగానికి నలభై మూడు మంది. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీస్తే ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కినట్టు నడిచాయి. మిగతా మూడు చోట్లా ఏమీ తేలలేదు. నీ మేడ ఒక్కటే మాట్లాడింది.

మార్చి 24న ఢిల్లీ వైద్య సదస్సులో ఈ పత్రం చదువుతున్నాను. నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ఇదివరకు నాకు గోడకు పోస్టరు అంటించుకోవడానికి చోటు మాత్రమే ఇచ్చేవారు. మా ఆసుపత్రి పరిశోధన కమిటీ అధ్యక్షుడు మొదటిసారి నన్ను కూర్చోమన్నారు, దుర్గా. కూర్చున్నాను కూడా.

నీ బడికి కృతజ్ఞతలు మొదటి పేజీలోనే రాశాను.

ఆనందం పట్టలేక అక్షరాలు వంకరపోయిన
రూతు


జంగారెడ్డిగూడెం,
3 మార్చి 1999

ప్రియమైన రూతూ,

విషయం అని మొదలుపెట్టి నాలుగు కాగితాలు చించాను. ఇది మామూలుగా రాస్తున్నాను.

ఆ నలభై మూడు చీటీలకూ డిక్టేషన్ నాది. "మా అమ్మాయికి ఆయాసము వచ్చినందున" అని నేను చెబుతుంటే పిల్లలు రాసుకుని, ఇంటికి తీసుకెళ్లి వేలిముద్ర వేయించుకొచ్చారు. నువ్వు అడగడానికి రెండేళ్ల ముందు నుంచే ఇది జరుగుతోంది.

జనవరిలో ఇక్కడ పొగాకు కోత మొదలవుతుంది. పచ్చాకు కర్రలకు కట్టడానికి, బ్యారన్‌లో, అంటే ఆకు కాల్చే కొట్టంలో, ఆరబెట్టి తీసిన ఎండాకు ఏరి కట్టలు వేయడానికి, తల్లులతో పాటు ఆడపిల్లలూ వెళ్తారు. కారణం లేకుండా పది రోజులు రాకపోతే మా నిబంధన ప్రకారం పేరు తీసెయ్యాలి. జబ్బయితే తీయనక్కర్లేదు. పేరు తీసిన పిల్లను నేను మళ్లీ చూసేది పెళ్లిపందిట్లోనే. అందుకని ఒక జబ్బు వెతికాను. జ్వరమంటే మూడో రోజు రక్తపరీక్ష అడుగుతారు. పచ్చకామెర్లంటే కళ్లు సాక్ష్యం చెబుతాయి. ఆయాసం ఒక్కటే సాక్షి అవసరం లేనిదిగా కనిపించింది. ఆ జబ్బుకు డాక్టరు నువ్వే అన్న సంగతి నాకు తట్టలేదు.

నువ్వు లెక్క అడిగినప్పుడు, నాలుగు చోట్లలో ఒకచోటి అంకెలు ఏం చేస్తాయిలే అనుకున్నాను. నీ జాబు చూశాక వెంకన్న చేత మంచినీళ్లు తెప్పించుకున్నాను.

నువ్వు ఢిల్లీలో చదవకూడదు. చదవకపోవడానికి కారణం చెబితే నలభై మూడు పేర్లు పోతాయి. చెప్పకపోతే నీ పేరు అబద్ధం మీద నిలబడుతుంది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. తిట్టాలనుకుంటే హాస్టల్లో తిట్టినట్టు తిట్టు, మర్యాదగా మాత్రం రాయకు.

తల వంచుకున్న
శ్రీదుర్గ


రాజమండ్రి,
28 మార్చి 1999

ఒసే దుర్గా,

మర్యాదగా రాయొద్దన్నావు, పాటించాను. మూడు రోజులు నీ మొహం గుర్తొస్తేనే పళ్లు కొరికాను. నాలుగో రోజు ఢిల్లీకి ఉత్తరం రాశాను: "గైర్హాజరు వివరాలు వైద్యపరీక్షతో నిర్ధారించనివని తేలినందున ప్రసంగం ఉపసంహరించుకుంటున్నాను." ఏ బడో రాయలేదు. తప్పు నాదే గనుక రాయనక్కర్లేదు కూడా. ఒక్క పిల్ల ఛాతీ అయినా వినకుండా జబ్బు లెక్కపెట్టిన డాక్టర్ని నేను. ఈ తొమ్మిదేళ్లలో ఏ విద్యార్థి ఆ పని చేసినా చీవాట్లు పెట్టేదాన్ని.

మొన్న 21న నేను మీ బడికి వచ్చి ఆ పిల్లలకు ఊపిరి పరీక్ష చేస్తుంటే నువ్వు బయట వరండాలోనే కూర్చున్నావు, లోపలికి రాలేదు. అందుకని ఫలితం రాస్తున్నాను. నలభై మూడు మందిలో ముప్పై రెండు మంది నాకన్నా బాగా ఊదారు. మిగతా పదకొండు మందికి నిజంగానే పిల్లికూత ఉంది. నీ అబద్ధంలో పదకొండు నిజాలున్నాయి. అవి నీకూ తెలియవు, నాకూ తెలియవు.

వాళ్ల ఇళ్లు పామాయిల్ తోటల దగ్గరా ఉన్నాయి, దూరంగానూ ఉన్నాయి. అందులో తేడా లేదు. తేడా ఒక్కటే: పదకొండు మందిలో తొమ్మిది మంది ఎండాకు ఏరే షెడ్డుకు మూడేళ్లుగా వెళ్తున్నారు. ఒక బడి, ఒక పంటకాలం, ఒక పూట పరీక్ష. ఇది రుజువు కాదు, ప్రశ్న మాత్రమే. ఈసారి ఆ రెండూ కలపను.

కమిటీ అధ్యక్షుడికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "పుప్పొడి అయితే హాయిగా ఉండేదమ్మా. చెట్లు సంఘం పెట్టుకోవు. బ్యారన్ల వాళ్లకి సంఘం ఉంది" అన్నారు. కూర్చోమనలేదు.

ఏ వారం, ఏ షెడ్డులో, ఎంతమంది, ఎన్ని రోజులు? ఆ లెక్క కావాలి. పేర్లు వద్దు, అంకెలు చాలు.

ఇంకా కోపం మిగిలే ఉన్న,
నీ రూతు


జంగారెడ్డిగూడెం,
18 ఏప్రిల్ 1999

ప్రియమైన డాక్టరమ్మకు,

విషయం: యథార్థ గైర్హాజరు పట్టిక సమర్పించుట గురించి.

నువ్వు అడిగిన అంకెలు జతపరిచాను. పేర్లు కూడా జతపరిచాను, నా సంతకంతో. ఆ పదకొండు మందికి మందివ్వాలంటే అంకెలను పిలవలేం కదా.

ఇంకొకటి నిన్ను అడక్కుండా చేశాను. పై కార్యాలయానికి నేనే రాశాను: ఈ పిల్లలు జబ్బుపడలేదు, కూలికి వెళ్లారు, చీటీలు చెప్పి రాయించింది నేను, పరీక్షలయ్యేదాకా పేర్లు ఉంచవలసిందిగా ప్రార్థన. వారం తిరక్కుండా నాకు సంజాయిషీ మెమో వచ్చింది. 'అబద్ధపు చీటీలు రాయించుట వాస్తవమేనా' అని అడిగారు. 'వాస్తవమే' అని ఒక్క మాటలో జవాబిచ్చాను. అంత పొట్టి సంజాయిషీ చూడలేదని అక్కడి గుమస్తా కంగారుపడి, ఇంకేమైనా కలపమని ఫోన్ చేశాడు. నాకు ఉప్పాడ వైపు బదిలీ అంటున్నారు. పిల్లల పేర్ల సంగతి 'పరిశీలనలో ఉన్నది'. పరిశీలనలో ఉన్నంతకాలం తీసెయ్యడానికి వీల్లేదు. ఫైలు మూడో బల్ల దగ్గర ఉండగానే పరీక్షలు అయిపోయాయి. ముప్పై ఎనిమిది మంది రాశారు. జాప్యానికి నేను చేతులెత్తి మొక్కింది ఇదే మొదటిసారి.

అయిదుగురు రాలేదు. వాళ్ల కోసం నిన్న ఎండాకు షెడ్డుకు వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే నాకే దగ్గొచ్చింది. అక్కడ పాపాయమ్మ అని ఒకావిడ ఉంది, పదకొండు మందిలో ఒక పిల్లకు తల్లి. నీ పరీక్ష సంగతి, పిల్లను ఇక ఎండాకు దగ్గరకు పంపవద్దని నువ్వు చెప్పిన సంగతి వివరంగా చెప్పాను. చేతిలో ఆకు ఆపకుండానే విన్నది.

"అలాగేనండి, పంపనండి" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "పిల్లలకి బళ్లో హాజరు పట్టీ ఉంది గాబట్టి తెలిసిందండి. మాకు పట్టీ లేదు కదండీ. నేను ఇరవై రెండేళ్ల నుంచి ఏరుతున్నానండి. మెట్టు ఎక్కలేనండి. నాదెవరు వింటారండీ?" అంది.

షెడ్డులో అందరూ ఆకు ఏరడం ఆపి నావైపు చూశారు. బజారుకు వెళ్లి పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చి, ఆ షెడ్డు గుమ్మంలోనే కూర్చున్నాను. పేరు, వయసు, ఎన్నేళ్లుగా, ఆయాసం ఉందా అని గళ్లు గీశాను. సాయంత్రానికి అరవై ఒక్క పేర్లయ్యాయి. ఈసారి ఒక్క మాట కూడా నేను చెప్పి రాయించలేదు.

నాకు బదిలీ ఉత్తర్వు అందేలోగా, వచ్చే ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే స్టెతస్కోపు పట్టుకుని బస్సెక్కు.

గుమ్మంలో ఎదురుచూసే
శ్రీదుర్గ