వడ్లు తిరగేసే బండి

ఎల్లారెడ్డి,
ఏప్రిల్ 6

ప్రియమైన సుకన్యక్కకు,

ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే రాస్తున్నాను. చదివాక ఫోన్ చేసి తిట్టు.

నా షాపులోని వెల్డింగ్ మిషన్ అమ్మేద్దామనుకుంటున్నాను. కామారెడ్డిలో కొనేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో బావను చూడమను. షాపు మూసేసి పటాన్‌చెరులో ఏదో ఒక ఫ్యాక్టరీలో పనికి పోతాను. తారకు ఇంకా చెప్పలేదు. పెళ్ళాం కంటే అక్కకు ముందు చెప్పడం తప్పే, కానీ ఆమె ఎదురుగా ఉంటుంది, నువ్వు దూరంగా ఉన్నావు.

కారణం నేను చేసిన బండి. చేతిలో ఉన్న డబ్బంతా దాని మీదే పెట్టాను. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఆడవాళ్ళు ఆరబోసిన వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి తిరగేస్తారు కదా. చిన్నప్పుడు నువ్వూ ఆ పని చేసి వచ్చి, పాదాలు నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చునేదానివి. ఆ పని చేసే బండి తయారుచేశాను. ఇంజను లేదు. రెండు సైకిల్ చక్రాలు, కింద పాదమంత వెడల్పు ఇనుప పళ్ళు. తోస్తే అడుగున ఉన్న వడ్లు పైకి వస్తాయి, గింజ విరగదు.

కేంద్రాలకు ఇలాంటివి సర్కారు కొంటోందని తెలిసి కామారెడ్డి ఆఫీసుకు వచ్చాను. వాళ్ళ షరతుల కాగితంలో ఇంజను ఇంత పవరుది ఉండాలని రాసి ఉంది. ఇంతకుముందు సర్కారుకు అమ్మిన అనుభవం కూడా ఉండాలట.

"మరి మొదటి బండి ఎవరికి అమ్మాలె సార్?" అని అడిగాను.

"నాకూ తెల్వది తమ్మీ," అని క్లర్కు నవ్వాడు. మంచివాడే. కొనుగోళ్ళు చూసే ఉమాదేవి మేడమ్ పేరున దరఖాస్తు రాయించాడు. దానివల్ల ఏదో అవుతుందని నాకు ఆశ లేదు. ఆ రోజు మీ వీధి దాకా వచ్చి, ఇంట్లోకి రాకుండానే బస్సెక్కాను. నా మొహం చూస్తే నువ్వు అడుగుతావని.

నీ తమ్ముడు,
భూమేశ్


ఎల్లారెడ్డి,
ఏప్రిల్ 22

అక్కా,

నీ తిట్లన్నీ అందాయి. "వీధి దాంక వచ్చి పోతవా, మళ్ళ రా, నీ సంగతి చెప్త" అన్నావు. వస్తాను, చెప్పు. ముందు ఇది చదువు.

ఉమాదేవి మేడమ్ దరఖాస్తు చదివిందక్కా. "ఇంజను మనకెందుకు? వడ్లు తిరగాలె, గింజ విరగొద్దు, ఆడవాళ్ళు తోయగలగాలె. గంతే రాద్దాం," అని కాగితం మార్పించింది. కొత్తగా చేసే చిన్నవాళ్ళను అనుభవం అడగకుండా, ముందు కొన్ని కొని వాడి చూడొచ్చని పైవాళ్ళను ఒప్పించింది. నిన్న మా కేంద్రంలోనే పరీక్ష పెట్టారు.

కొత్త బండి కదా అని తార పసుపు రాసి, హ్యాండిల్ నుంచి చక్రాల దాకా బంతిపూల దండ వేలాడదీసింది. నేనూ తియ్యలేదు. నాలుగడుగులు పోగానే దండ ఇరుసుకు చుట్టుకుని బండి బిగుసుకుపోయింది. మేడమ్ ముందే! వడ్ల దగ్గరున్న ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు.

"మెడలేసే దండ కాళ్ళకేస్తే నడుస్తదా బిడ్డా?" అంటూ ఎంకవ్వ కొడవలితో దారం కోసేసింది. ఆమె ఆ కేంద్రంలో ఏళ్ళుగా వడ్లు తిరగేస్తున్న మనిషి. తర్వాత తానే హ్యాండిల్ పట్టుకుంది.

"ఏందిరా, నీ ఎత్తుకే చేస్కున్నవ్? నేను చెట్టెక్కి తొయ్యాల్నా?"

అక్కడికక్కడే బోల్టులు విప్పి హ్యాండిల్ దించాను. ఆమె వడ్ల చివరి దాకా తోసుకుంటూ పోయింది, తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. మేడమ్ ఆగమన్నా ఆగదే! "ఇంకో సాలు పోనియ్ మేడమ్, కాళ్ళు మండుతలేవు," అంది.

మా కేంద్రంతో పాటు పిట్లం, పెద్దకొడప్‌గల్ కేంద్రాలకు కూడా ఆర్డరు ఇచ్చారు. హ్యాండిల్ ఎత్తు మార్చుకునేలా ఉండాలన్నది షరతు. ఈ యాసంగి పంట వడ్లు అయిపోయేదాకా తోసినవాళ్ళు బాగుందంటే మిగతా కేంద్రాలకూ కొంటారట. వాళ్ళ మాటే ఇక నా అనుభవం.

రాత్రి తారకు అమ్మకం సంగతి చెప్పాను. "నాకెర్కనే. పెండ్లైన కాడ్నుంచి ఊడ్వని షాపు ఊడుస్తుంటే అప్పుడే సమజైంది," అంది.

వెల్డింగ్ మిషన్ చూడడానికి గోవింద్ అనే అతను ఆదివారం వస్తాడని బావ చెప్పాడు. రావద్దని చెప్పకండి. మిషన్ అమ్మను. కానీ ఇన్ని బండ్లు నేనొక్కణ్ణే ఎలా చేస్తాను? మిషన్ కొంటానంటున్నాడంటే వెల్డింగ్ వచ్చినవాడే అయి ఉంటాడు. పని బట్టలు వేసుకుని రమ్మను.

షాపు మూయని నీ తమ్ముడు,
భూమేశ్