చెయ్యి మానేదాకా వేటకి వెళ్లొద్దు

మావా,

చేపల బుట్ట తీసుకుని పాలకొల్లు మార్కెట్‌కి వెళ్తున్నాను. నిన్ను లేపబుద్ధి కాలేదు. లేవగానే గంజి తాగి మాత్ర వేసుకో. పచ్చబొట్టు మీద కట్టు విప్పొద్దు, గోకొద్దు. ఇందాక ముట్టుకుంటే చెయ్యి పెనంలా కాలిపోతోంది. కట్టు చుట్టూ ఎర్రగా వాచింది. ఆ వాపు మోచెయ్యి దాటితే నా కోసం చూడకు. మా అన్నయ్య త్రిమూర్తులుని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపో.

"పేరూ ఊరూ చేతిమీద ఎందుకు పొడిపించుకున్నావు?" అని అడిగితే, "మొన్న తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చినాయన ఎవరో ఎవరికీ తెలవలేదు కదే. నాకలా అవకూడదని" అని నవ్వేశావు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఆ చెయ్యి చూస్తే చాలు, నువ్వు ఇసకలో పడున్నట్టే కనిపిస్తోంది.

పుండు మానేదాకా ఉప్పునీళ్లు తగలకూడదని డాక్టరుగారు నీ ముందే చెప్పారు. వేటకి వెళ్లొద్దు. నిన్ను నేను మొహం చూసి గుర్తుపట్టాలి మావా, చెయ్యి చూసి కాదు.

వీరదుర్గ

పడవ గొలుసుకి తాళం వేసేశాను. తాళంచెవి వెతక్కు, నా కొంగుకే కట్టుకున్నాను.