పప్పువడ మాట

కుట్టనాడు,
కర్కాటక మాసం, గురువారం.

చిరంజీవి నళినాక్షికి, నీ అక్క కార్త్యాయని దీవించి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగను. నాతో మాట్లాడకుండా ఇన్నాళ్ళు హాయిగా ఉన్నావంటే క్షేమంగానే ఉండి ఉంటావు.

ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. చేస్తే నువ్వు సగంలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. నా కోడలు సజిత చేత రాయిస్తున్నాను. ఒక్క ముక్క మార్చినా చెయ్యి విరుస్తానని చెప్పాను. నువ్వూ నేనూ అక్షరాలు నేర్పే మాస్టారు వచ్చిన ప్రతిసారీ కొబ్బరి పీచు గుట్టల వెనకాల దాక్కున్నవాళ్ళమే కదా, కాబట్టి దీన్ని నీకు చదివి వినిపించేది నీ కొడుకు ప్రశోభే. అదే నాకు కావాలి. వాడి నిర్వాకం వాడి నోటితోనే నువ్వు వినాలి.

ఒరే ప్రశోభూ, గొంతు తగ్గించకుండా చదువు.

మా ఆడవాళ్ళ సంఘానికి పంచాయతీ వాళ్ళు ఒక లాప్‌టాప్ ఇచ్చారు, నీకు తెలుసు. కొబ్బరి పొడి, అరటికాయ చిప్స్, ఓణం ఆర్డర్లు అన్నీ దాంట్లోనే. బడి పిల్లల కంప్యూటర్లలో ఉన్నట్టే ఇందులోనూ విండోస్ కాదు, లినక్సే ఉంది. సజిత బడిలో దాని మీదే నేర్చుకుంది కాబట్టి లెక్కలన్నీ తనే చూస్తుంది. ఆ పెట్టె ఒక ఇంట్లో ఉండదు. వచ్చే ఆదివారం మీటింగు ఎవరింట్లోనో ఆ వారమంతా వాళ్ళింట్లో ఉంటుంది. అలా ప్రెసిడెంటు విలాసిని ఇంటి నుంచి మా ఇంటికి వచ్చింది. వాన దంచి కొడుతుంటే సజిత దాన్ని టార్పాలిన్‌లో చుట్టి, పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని పడవలో తెచ్చింది.

మర్నాడు తెరిస్తే నెట్ లేదు. మామూలుగా చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లు వరసగా కనపడే చోట ఒకే ఒక్క మాట ఉందట. అడాప్టర్ దొరకలేదు అని.

విలాసిని వచ్చి చూసింది. "మా ఇంట్లో నిన్నటిదాకా బంగారంలా నడిచిందమ్మా, మీ గడప తొక్కగానే ఏమొచ్చింది దీనికి?" అంది. గాలికి కూడా మా గడప పడదన్నట్టు మాట్లాడింది. సరే, రేవు దగ్గర నీ కొడుకు షాపు ఉంది కదా, మనవాడే కదా అని అందరూ కలిసి పట్టుకెళ్ళారు. నేనే పంపాను. ఆ తప్పు నాదే.

నీ కొడుకు ఏం చేశాడు? తెర చూశాడు. ఆ ఒక్క మాట చదివాడు. "ఇందులో వైఫై కార్డే లేదు, ఎవరో పీకేశారు" అన్నాడు. విప్పలేదు నళినాక్షీ. మూత తియ్యలేదు. కడుపు నొప్పని వెళ్ళినవాడి చొక్కా చూసి పేగు లేదని చెప్పే డాక్టరున్నాడా ఎక్కడైనా?

అంతటితో ఆగాడా? "పీకి అమ్ముకుంటే ఏమొస్తుందిరా ప్రశోభూ?" అని విలాసిని అడిగితే, నవ్వుతూ, "ఒక చాయ్, ఒక పప్పువడ వస్తాయి అక్కా" అన్నాడు. రేవులో పడవ కోసం నిలబడ్డవాళ్ళంతా విన్నారు, నవ్వారు.

ఆ మాట పడవెక్కి మాకంటే ముందే ఊళ్ళోకి వచ్చింది. రేషన్ షాపులో సజిత సంచీ పట్టి నిలబడితే, "ఏమే, వడ కరకరలాడిందా?" అని ఒకతె. "చాయ్‌లో చక్కెర సరిపోయిందా?" అని ఇంకొకతె. నా కోడలు సంచీ నింపుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి, ఈ వానల నెలలో తాగే మందుగంజి ముందు పెట్టుకుని చల్లారేదాకా చూస్తూ కూర్చుంది. హౌస్‌బోటులో వంటకి పోయిన నా కొడుక్కి కూడా ఫోన్‌లో చెప్పలేదు.

ఆదివారం మీటింగులో సజిత పేరు కొట్టేస్తారని విలాసిని కబురు చేసింది. మా ప్రాంతంలో సంఘంలోంచి పేరు పోయిందంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. చిప్స్ వేయించడానికి కూడా ఎవరూ పిలవరు. వాకిట్లోకి రానిస్తారు గానీ, వంటగదిలోకి వస్తే డబ్బాల వైపు చూస్తారు.

నేను సజితని ఒక్కసారే అడిగాను. "తీశావా?" అని. "లేదత్తయ్యా" అంది. అంతే. మళ్ళీ అడగలేదు. అప్పుడే గొడుగు తీసుకుని విలాసిని ఇంటికెళ్ళి చెప్పాను. మీటింగు ఎలాగూ మా ఇంట్లోనే. అందరి ముందు దాన్ని విప్పిద్దాం. లోపల కార్డు లేకపోతే నా కోడల్ని నేనే చెయ్యి పట్టుకుని బయటికి నడిపిస్తాను, దాంతో పాటు నేనూ పోతాను. ఉంటే మాత్రం నవ్విన నోళ్ళన్నీ నాకు లెక్క చెప్పాలి. విలాసిని సరేనంది. నీ కొడుకుని విప్పడానికి రమ్మంటే షాపు వదిలి రాలేనన్నాడు. పిరికి గాడిద.

ఆదివారం వాన తెరిపివ్వలేదు. అందరూ వసారాలో చాపల మీద కూర్చున్నారు. సజిత తలస్నానం చేసి వచ్చి, ఆ తడి జుట్టు చెవుల మీదుగా విరబోసుకునే పెట్టె ముందు కూర్చుంది. పని మీద కూర్చునేటప్పుడైనా ముడి వేసుకోవే అంటే వినలేదు. బోర్లించి మరలు విప్పుతూ ఒక్కొక్కటీ కొబ్బరి చిప్పలో వేసింది. తనలో తనే "ఊ, ఊ" అనుకుంటోంది, దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాను. నిజం చెప్పనా, నేను ఆ పెట్టెని చూడలేదు. పిల్ల మొహమే చూస్తున్నాను. చేతులు వణుకుతున్నాయి. దొంగ చేతులూ వణుకుతాయి, నిందపడ్డ చేతులూ వణుకుతాయి. ఏవి ఏవో నాకు తెలియలేదు.

మూత లేచింది. మూలన చిటికెన వేలంత పచ్చ పలక, దానికి రెండు సన్నటి తీగలు. కార్డు!

నేను లేచి నిలబడి అందరికీ చూపించాను. విలాసిని కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఉంటే మరి పని చెయ్యదేం? వానలో తెచ్చి తడిపేసి ఉంటుంది" అంది. చూశావా, దొంగతనం పోయి ముంచేయడం వచ్చింది. చాపల మీద మళ్ళీ గుసగుసలు.

సజిత చిప్పలోంచి మరలు ఏరుకుంది. మూత బిగించి, పెట్టె వెలిగించి, నల్లటి తెర మీద ఏదో వరస కొట్టింది. యంత్రం తన ఒంట్లో ఉన్నవాటి పేర్లన్నీ చెప్పింది. కార్డు పేరు కూడా చెప్పింది. కానీ మిగతావాటి కింద వాటిని నడిపేవాడి పేరు ఉంది, దీని కింద లేదు. దాన్నే డ్రైవర్ అంటారట. నాకు వెంటనే అర్థమైంది. రేవులో పడవ కట్టే ఉంది, తెడ్డు వేసేవాడు లేడు. పడవ ఎవరో ఎత్తుకుపోయారని నీ కొడుకు ఊరంతా చాటాడు.

"మరి ఏమైపోయాడమ్మా ఆ డ్రైవరు?" అని విలాసినే అడిగింది. సజిత చెప్పింది. ఈ యంత్రానికి కెర్నెల్ అని ఒక పెద్ద ఉంటుందట. అప్పుడప్పుడు కొత్త పెద్ద వస్తాడు. ఈ కార్డు డ్రైవరు పాత పెద్దకి సరిపడా తయారైనవాడు, కొత్తవాడి దగ్గర కుదురుకోలేదు. ఆ పాత పెద్ద ఇంకా లోపలే ఉన్నాడు, యంత్రం మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే ఎవరు కావాలో అడుగుతుంది.

ఆపేసి మళ్ళీ వెలిగించింది. మీట నొక్కింది. తెర ఆగలేదు, తిన్నగా ముందుకు వెళ్ళిపోయింది. వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. "పప్పువడ" అన్న మాట నాకు వినపడింది. సజిత కళ్ళు మూసుకుంది, ఒక్క క్షణం, ఎవరో చెవిలో ధైర్యం చెప్పినట్టు. మళ్ళీ ఆపింది. మళ్ళీ నొక్కింది.

ఈసారి పేర్లు వచ్చాయి. పాతదాన్ని ఎంచింది. కాసేపు నల్లగా ఉంది తెర. అప్పుడు వచ్చాయి నళినాక్షీ, మా ఇంటి వైఫై పేరు, పక్కింటిది, చివర్న కాలువ అవతల విలాసిని ఇంటిది కూడా.

కొత్తది ఎంచి చూపించింది, పోయాయి. పాతది ఎంచింది, వచ్చాయి. ఆ కొత్తది ఎప్పుడు ఎక్కిందని ఎవరో అడిగారు. విలాసిని చీర కొంగు సర్దుకుంటూ, "మా ఇంట్లో మూసేటప్పుడు అప్‌డేట్ చెయ్యనా అని ఏదో అడిగింది, సరే అన్నాను. అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటాను?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఎందుకంటే సజిత పేరు సంఘంలో నిలిచింది గానీ, పప్పువడ మాట ఇంకా ఊళ్ళోనే తిరుగుతోంది. అది పుట్టింది నీ కొడుకు నోట్లో. ఈ ఆదివారం వాడు మీటింగుకి వచ్చి, అదే జనం ముందు, మూత తియ్యకుండా నోరు పారేసుకున్నానని చెప్పాలి. పప్పువడలు నేనే వేయించి తెస్తాను. వాడు అక్కడ తినాలి. ఆ పని జరిగేదాకా నీ గడప తొక్కను, నువ్వు నా గడప తొక్కక్కర్లేదు.

ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. వాన నీళ్ళలో తిరగకు.

నీ అక్క,
కార్త్యాయని
(వేలిముద్ర)

తా.క. ప్రశోభ్ బావగారూ, నేను సజితని. ఇక్కడి నుంచి గట్టిగా చదవకండి.

అత్తయ్య చెప్పినదంతా చెప్పినట్టే రాశాను. గాడిద అన్న తిట్టు మాత్రం ఇంకా చాలాసార్లు వచ్చింది, ఒక్కటే ఉంచాను. ఆ రోజు నా జుట్టు కింద ఇయర్‌ఫోన్ ఉందని, చెవిలో మీరున్నారని అత్తయ్యకి తెలియదు. ముందురోజు మీరు ఫోన్ చేసి, విప్పకుండా అనేశానమ్మా, పెద్దమ్మ ముందు నిలబడే ధైర్యం లేదు, నేను చెప్పినట్టు చెయ్యి అన్నారు. చేశాను. మరలు ఎటు తిప్పాలో, నల్ల తెర మీద ఏం కొట్టాలో అంతా మీరే. మొదటిసారి మీట జారినప్పుడు "మళ్ళీ, కంగారేం లేదు" అన్నారు. దాని వెనకే మీ అమ్మ, నళినాక్షి పిన్ని గొంతు వినపడింది. "పిల్ల ఏమైనా తిందో లేదో అడగరా. అది అయ్యేలోపు ఫోన్ పెట్టేశావో, నీకు అన్నం పెట్టను" అంటోంది.

ఊళ్ళో ఇప్పుడు నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు నాకు మింగుడుపడటం లేదు. నింద అందరి ముందు వేశారు, సాయం చెవిలో చేశారు. రెండూ ఒకే చోట చెప్పండి బావగారూ. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. పిన్నిని కూడా తీసుకురండి.

ఈ ఉత్తరం తెస్తున్న పడవలోనే ఒక సీసా వస్తుంది. పిన్ని మోకాళ్ళకి నూనె. వారం రోజులుగా అత్తయ్య స్వయంగా కాచింది. ఎవరు పంపారో మాత్రం రాయొద్దంది.