తమలపాకుల్లో పెట్టిన చుట్టలు

కొత్తపేట,
5 అక్టోబరు 2011

చిరంజీవి తమ్ముడు మహిపాల్‌ను అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. నాయన మోకాళ్ల నొప్పి తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. సూరత్‌లో నీ ఆరోగ్యం, మగ్గాల పని ఎలా ఉన్నాయో రాయి.

బస్సులు నడుస్తున్నాయా అని అడిగావు. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మె వల్ల ఒక్కటీ లేదు. చైతన్యపురి దాకా కూడా నడకే.

సాంబమూర్తి సార్‌తో నాయన మాట్లాడుతున్నాడా అనీ అడిగావు. లేదు. పన్నెండేళ్లుగా మన పై వాటాలో కిరాయికి ఉంటున్న మనిషిని, మెట్ల మీద నలుగురి ముందు "మీ ఆంధ్రకు పోండ్రి" అన్నాడు. రెండు నెలలైంది. సార్ వాళ్ల ఊరి నుంచి తెచ్చిచ్చిన చుట్టలను నాయన ముట్టలేదు. డబ్బాలోనే ఎండి గలగలమంటున్నాయి. ఆదివారం సార్ ఇల్లు ఖాళీ చేస్తారట, లారీ కూడా మాట్లాడారు. అది విన్నప్పటి నుంచి నాయన అన్నం సగంలో వదిలేస్తున్నాడు. నేను సహస్రనామం మధ్యలో తప్పి మళ్లీ మొదటికి వస్తున్నాను.

చుట్టలు మెత్తబడితే ఇద్దరూ కలిసి కూర్చుంటారేమోనని నీళ్లు చల్లాను. ఒకటి నిలువునా పగిలింది. రైతుబజారులో ఆకులమ్మే లచ్చమ్మకు చెబితే తిట్టింది.

"నీళ్లు చల్లుతరా బిడ్డా? తడిగుడ్డల తమలపాకుల నడుమ పెట్టు. జర ఓపిక పట్టు, తేమ అదే గుంజుకుంటది."

తమ్ముడూ, ఇది నీ దగ్గరే ఉంచుకో. మనింట్లో తడిగుడ్డలో ఉండే తమలపాకులు దేవుడివే. స్వామి తాంబూలానికి తెచ్చిన ఆకుల మధ్య మూడు రోజులు పొగాకు దాచాను. ఇవాళ రెండు చుట్టలు పైకి తీసుకెళ్లి, "నాయన పంపిండు సార్" అని అబద్ధం కూడా ఆడాను.

సార్ వెంటనే వాటితో కిందికి దిగారు.

"మట్టయ్యగారూ, తమలపాకుల్లో పెట్టారా? భలే మెత్తబడ్డాయండీ."

"నేనెప్పుడు పెట్టిన?" అన్నాడు నాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

నాయన ఒక చుట్ట అందుకుని వాసన చూశాడు. "లారీ ఎప్పుడు?"

"ఆదివారం. పొమ్మన్నది మీరేగా?"

"అన్న. అంటే పోతవా సారూ? నువ్వు పోతే నేనెవనితోని కొట్లాడాలె?"

సార్ అగ్గిపుల్ల గీసి ముందు నాయన చుట్టకే అంటించారు.

ఇప్పుడు మెట్ల మీద నిలబడి లారీవాడికి ఫోన్ చేస్తున్నారు. "ఆదివారం వద్దు బాబూ" అన్నారు. మరి ఎప్పుడు రమ్మన్నారో, అసలు రమ్మన్నారో లేదో, నాకు వినపడలేదు.

ఇట్లు,
నీ అక్క,
అండాలమ్మ