నల్లమలలో నేను కేక పెట్టలేదు

అన్వరీకి చిన్నన్న దువాలు.

ఎస్సెల్సీ పాసైతే నల్లమల తీసుకెళ్లి పులిని చూపిస్తానని పెద్దన్న మాటిచ్చాడు. పాసయ్యాను. "వీడు పిరికిగొడ్డు, పులి కనపడితే కేకలు పెడతాడు" అని నన్ను వదిలేసి స్నేహితులతో వెళ్లాడు. ఆ పేరే మీ అందరి నోళ్లలో నిలిచింది.

మొన్న ఆదివారం బెజవాడ నుంచి ఒక్కణ్ణే వెళ్లి సఫారీ జీపు ఎక్కాను. పులి కనపడలేదు, అబద్ధం రాయను. పిల్లతో ఉన్న ఎలుగుబంటి దారికి అడ్డంగా లేచి నిలబడింది. జీపులో కుర్రాళ్లు సీట్ల కిందకి దూరారు. నేను కదలలేదు, నోరు మెదపలేదు. అది నన్ను తేరిపార చూసి పొదల్లోకి వెళ్లిపోయింది.

"భయం వెయ్యలేదా తాతగారూ?" అన్నాడు గైడు.

"మా ఇంట్లోవాళ్ల మధ్య పెరిగానయ్యా" అన్నాను.

మోకాళ్లు పట్టేశాయి, నువ్వు కాచే నూనె పంపు. కోడలు మెహరాజ్‌కి జ్వరం తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

ఫోన్లో చెప్పకుండా కార్డు రాసింది పోస్ట్‌మాన్‌తో సహా అందరూ చదవాలనే. పెద్దన్నకు ఇప్పుడు చూపు ఆనదు కదా, మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించు. జబ్బుమనిషని జాలిపడి మధ్యలో ఆపకు. నన్ను ఇన్నేళ్లు పిరికివాణ్ణి చేసినవాడు పెద్దన్నే.

ఇట్లు, నీ చిన్నన్న ఖయ్యూమ్.